మా నాయన ధాన్యం రేటుకు రోజులు నాన్చుతాడు, భూమి కౌలుకు పూటలో ఒప్పుకుంటాడు: ఇది వయసా, జబ్బా?

పెన్నొడ్డు కుర్రోడు:
మాది కోవూరు దగ్గర పల్లె. నాయనకు 72. పుట్టినకాడ్నుంచి వరి సేద్యమే. ముందైతే దళారి కళ్లంలోకి వచ్చి పుట్టికి ఇంత అనగానే గుప్పెడు వడ్లు తీసి అరచేతిలో నలిపి, ఒక గింజ పంటికింద కొరికి తేమ చూసి, ఇస్తాడో ఇవ్వడో అక్కడికక్కడే తేల్చేసేవాడు. ఈసారి అదే మాట చెప్పడానికి రోజుల తరబడి నాన్చాడు, అడిగితే చూద్దాంలే అంటాడు. సరే పెద్దవయసు కదా అనుకున్నాం. ఈలోపల ముక్కూమొహం తెలియని మనిషి ఒకడొచ్చి రొయ్యల గుంటలు వేసుకుంటాం, పొలం కౌలుకివ్వండి, సాయంత్రంలోపు కాగితం కాకపోతే పక్కూళ్లో చూసుకుంటాం అన్నాడంట. నాయన సంతకానికి సిద్ధమైపోయాడు! అమ్మ గట్టిగా అడ్డం పడబట్టి ఆగింది. ఎందుకు నాయనా అంటే “మనిషి మంచోడిలాగే ఉన్నాడు రా” అంటాడు. మతిమరుపు పెద్దగా లేదు. బీపీ మాత్ర, ఈమధ్య నిద్రమాత్ర కూడా వేసుకుంటున్నాడు. అన్న చెక్‌బుక్కు, పాస్‌బుక్కులు తీసేసుకుందాం అంటున్నాడు. నాకు మనసొప్పడంలా. తెలిసినోళ్లు చెప్పండి.

సైకాలజీ లెక్చరర్, నెల్లూరు:
తమ్ముడూ, నువ్వు రాసినవి రెండూ వేరువేరు విషయాలు, కలిపి చూడొద్దు.

రేటుకు ఆలస్యం చేయడంలో భయపడాల్సింది తక్కువ. 2022లో జర్మనీలోని హైడెల్‌బర్గ్ పరిశోధకులు పదిలక్షలమందికి పైగా జనం ఆన్‌లైన్ పరీక్షలో ఇచ్చిన జవాబుల వేగాన్ని విడదీసి చూశారు. ఇరవై దాటినప్పటినుంచే మనం జవాబివ్వడం నెమ్మదిస్తుంది గానీ, అందులో ఎక్కువ భాగం తప్పు చేయకూడదన్న జాగ్రత్త వల్లా, చేయి కదలడం ఆలస్యమవడం వల్లా వచ్చేదే. ఆలోచన వేగం అరవై దాకా పెద్దగా తగ్గదు, ఆ తర్వాత తగ్గుతుంది. నుదురు వెనక ఉండే ప్రీఫ్రంటల్ కార్టెక్స్, అంటే నాలుగైదు విషయాలు ఒకేసారి మనసులో పెట్టుకుని బేరీజు వేసే చోటు, వయసుతో ముందుగా కుదించుకుపోయే భాగాల్లో ఒకటి. మెదడు కణాల మధ్య కబురు మోసే డోపమిన్ అనే రసాయనాన్ని అందుకునే రిసెప్టర్లు కూడా తగ్గుతూ వస్తాయి. అందుకే కొత్త లెక్క, కొత్త షరతులు, పక్కన తొందరపెట్టే మనిషి మూడూ కలిస్తే పెద్దవాళ్లు తడబడతారు. వడ్ల తేమ చూడటంలాంటి యాభైయేళ్ల అనుభవం మాత్రం అంత తొందరగా పోదు.

ఇక “మంచోడిలాగే ఉన్నాడు” అన్న మాట. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో షెల్లీ టేలర్ బృందం 2012లో దీనిమీదే పరిశోధన చేసింది. నమ్మదగని మొహాల ఫొటోలు చూపిస్తే పెద్దవాళ్లు వాటిని కుర్రవాళ్లకన్నా ఎక్కువ నమ్మదగినవిగా లెక్కేశారు. అలాంటి మొహం చూడగానే కుర్రవాళ్ల మెదడులో ఇన్సులా అనే భాగం స్పందించింది, “ఏదో తేడాగా ఉందే” అని కడుపులో అనిపిస్తుందే, దానికి సంబంధించిన భాగం అది. పెద్దవాళ్లలో ఆ స్పందన చాలా తక్కువ. మీ నాయనకు తెలివి తగ్గలేదు, హెచ్చరిక గంట గట్టిగా మోగడంలేదు, అంతే. అందుకే అమ్మ పక్కన ఉండటం పనికొచ్చింది.

రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి, కందుకూరు:
మా కౌంటర్ దగ్గర ఇది రోజూ చూసిందే. పొగాకు వేలం కేంద్రంలో ఆకు వేళ్లమధ్య ఒక్కసారి రాసి గ్రేడు చెప్పే పెద్దాయన, లోను ఫారం ముందు మాత్రం ఎక్కడ పెట్టమంటే అక్కడ సంతకం పెట్టేవాడు. అమెరికాలో క్రెడిట్ కార్డులు, ఇంటి లోన్ల విషయంలో జనం చేసే తప్పులు లెక్కేస్తే సుమారు 53 ఏళ్ల వయసులో అతి తక్కువగా ఉన్నాయని 2009లో ఆర్థికవేత్తలు రాశారు. అప్పటికి అనుభవం ఉంటుంది, చురుకుదనమూ ఉంటుంది.

చెక్‌బుక్కు లాక్కోవద్దండీ. జీవితాంతం ఇల్లు నడిపిన మనిషి ఒక్కరోజులో ఎవరికీ అక్కరలేనివాడినైపోయానని కుమిలిపోతాడు. ఆయన ఇష్టపడితే పెద్ద మొత్తం ఉన్న ఖాతాను అమ్మగారితో కలిపి ఇద్దరి సంతకాలు ఉంటేనే డబ్బు కదిలేలా మార్చండి. రోజువారీ ఖర్చుల ఖాతా ఆయన చేతిలోనే ఉండనివ్వండి. ఏ కాగితమైనా ఒక రాత్రి ఇంట్లో ఉన్నాకే సంతకం అని ఇంటిల్లిపాదికీ ఒకే నియమం పెట్టుకోండి, ఆయన ఒక్కడికే కాదు. ఫోన్లో ఎవరైనా బెదిరించి డబ్బు లాగితే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ కొట్టండి.

ఒంగోలు చిన్నోడు:
నేను ఒప్పుకోను అన్నా. మా పెదనాన్న విషయంలో ఇలాగే గౌరవం గౌరవం అని ఊరుకుంటే ఇంటి స్థలం అంకణం మిగలకుండా పోయింది. కాగితాలు దాచండి, కోపం వస్తే రానీ.

స్టాఫ్ నర్సు, కావలి:
పెదనాన్న బాధ అర్థమవుతుంది తమ్ముడూ, కానీ దాచేముందు డాక్టరుకు చూపించాలి గదా. నిద్రమాత్రలు పెద్దవయసులో పొద్దుటిదాకా మత్తుగా ఉంచుతాయి, కొన్నిరకాలు ఆలోచననే మందగింపజేస్తాయి. అది మొదలుపెట్టాకే మార్పు వచ్చిందా చూడండి. అలాగని సొంతంగా ఆపేయొద్దు. వేసుకునే మాత్రలన్నీ ఒక కవర్లో వేసుకుని వెళ్లండి. రక్తపరీక్షలో బీ12 విటమిన్, థైరాయిడ్, సోడియం (ఒంట్లో ఉప్పు) చూపించండి. కొన్ని బీపీ మాత్రలకు సోడియం పడిపోతుంది, మనిషి అయోమయంగా అయిపోతాడు. చెవులు కూడా చూపించండి, ఇది అందరూ వదిలేస్తారు. సగం మాట వినపడక, మళ్లీ అడగడం నామోషీ అనిపించి ఊ కొట్టేవాళ్లు మా వార్డులో ఎంతోమంది.

ఒకే బాకీ రెండుసార్లు తీర్చడం, ఎప్పుడూ వేసే కూలీ లెక్క తప్పడం, తెలిసిన దారిలో తికమకపడటం ఉంటే మాత్రం న్యూరాలజిస్టు దగ్గరికి పోవాల్సిందే. డబ్బు లెక్కల్లో తడబాటు డిమెన్షియాకు, అంటే జ్ఞాపకం, ఆలోచన క్రమంగా దెబ్బతినే జబ్బుకు, తొలి గుర్తుల్లో ఒకటి. రెండు మూడు రోజుల్లోనే ఉన్నట్టుండి మారిపోతే అసలు ఆగొద్దు, మూత్రంలో ఇన్‌ఫెక్షన్ ఉన్నా పెద్దవాళ్లు అలాగైపోతారు.

పెన్నొడ్డు కుర్రోడు:
అందరికీ దండాలు. కూలీ లెక్కలు ఇప్పటికీ నాకంటే బాగా వేస్తాడు. టీవీ సౌండ్ మాత్రం వీధిలోకి వినపడేంత పెడుతున్నాడు, చెవి సంగతి నాకు తట్టనే లేదు. నిద్రమాత్ర కూడా కోతలకు కాస్త ముందే మొదలైంది. ఈ వారం తీసుకెళ్తాం. బ్యాంకు సార్, ఇద్దరి సంతకాలకు మార్చాలంటే అమ్మ కూడా బ్రాంచికి రావాలా? అమ్మకు మోకాళ్ల నొప్పి.

రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి, కందుకూరు:
ఇద్దరి కేవైసీ, సంతకాలు కావాలి కాబట్టి ఒకసారి రావడమే మంచిది. ముందు మేనేజరుకు ఫోన్ చేసి మోకాళ్ల సంగతి చెప్పండి, రద్దీ లేని టైము చెబుతారు. నిద్రమాత్ర మత్తు దిగాక పొద్దుటిపూటే తీసుకెళ్లండి, చాలామంది పెద్దవాళ్ల బుర్ర ఆ పూట బాగా పనిచేస్తుంది. ఫారంలో ఏముందో నాయనకు మీరే చదివి వినిపించండి.