కొత్త కార్లను బాగుచేసుకోలేకుండా కావాలనే తయారుచేస్తున్నారా?

ప్రశ్న (అనంతపురం):
మా కారు ఎడమ హెడ్‌లైట్‌లో పగటిపూట వెలిగే ఎల్‌ఈడీ పట్టీ ఆరిపోయింది. వారంటీ గడువు తీరిపోయింది. లోపలి భాగాలు విడిగా రావనీ, హెడ్‌లైట్ మొత్తం మార్చాలనీ సర్వీస్ సెంటర్‌వారు చెప్పారు. పాత కార్లలో హాలోజన్ బల్బు కొన్ని వందల రూపాయలకే దొరికేది. కొంతకాలానికి పాడయ్యేలా, పాడైతే పారవేయక తప్పనట్టుగా కంపెనీలు కావాలనే ఇలా చేస్తున్నాయా?

జవాబు (కర్నూలు, ఆటో ఎలక్ట్రీషియన్):
తొందరపడి మొత్తం మార్చకండి. చాలా సందర్భాల్లో ఎల్‌ఈడీలు బాగానే ఉంటాయి, వాటికి కరెంటును సరిచేసి పంపే డ్రైవర్ మాడ్యూల్ పోతుంది. కొన్ని మోడళ్లలో అది హెడ్‌లైట్ వెలుపలే స్క్రూలతో బిగించి ఉంటుంది కనుక విడిగా మార్చవచ్చు. పట్టీయే పోయి ఉంటే, ముందరి అద్దాన్ని వేడిచేసి విప్పి, పని ముగిశాక మళ్లీ సీలెంట్‌తో మూయాలి. ఆ అతుకు సరిగా కుదరకపోతే తొలి వానకే లోపల ఆవిరి పడుతుంది, కాబట్టి అనుభవం ఉన్నవారికే అప్పగించండి.

ఇక మీ అసలు సందేహం. దుమ్ము, తేమ చొరకుండా మూసివేయడాన్ని నేను కుట్ర అనను, దానివల్ల దీపానికి మేలే. కానీ లోపలి విడిభాగాన్ని అమ్మకపోవడం, కొత్త కంట్రోల్ యూనిట్ (కారు భాగాలను నడిపించే ఎలక్ట్రానిక్ పెట్టె) బిగించాక కంపెనీ సాఫ్ట్‌వేర్‌తో నమోదు చేస్తే తప్ప పనిచేయకుండా కట్టడి చేయడం మాత్రం వ్యాపార నిర్ణయాలే. దొంగతనాలను అడ్డుకునే తాళాల విషయంలో ఆ కట్టడికి అర్థముంది, ప్రతి భాగానికీ దాన్ని విస్తరించడంలో అర్థం లేదు. చేతిలో పని ఉండి కూడా ఆ సాఫ్ట్‌వేర్ అందక బండిని తిప్పి పంపవలసి రావడం మా వృత్తిలో అన్నిటికన్నా బాధాకరమైన విషయం.

జవాబు (కడప):
చట్టం వైపునుంచి ఒక మాట. 2014 ఆగస్టులో, వ్యాపారంలో పోటీ దెబ్బతినకుండా చూసే కేంద్ర సంస్థ కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు కలిపి సుమారు 2,544 కోట్ల రూపాయల జరిమానా విధించి, విడిభాగాలనూ, లోపాలను గుర్తించే పరికరాలనూ బయటి మెకానిక్‌లకు అందుబాటులో ఉంచాలని ఆదేశించింది. కంపెనీలు అప్పీళ్లకు వెళ్లాయి. 2022 డిసెంబరులో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ మరమ్మతు హక్కు పోర్టల్‌ను ప్రారంభించింది, అందులో వాహనాల రంగం కూడా ఉంది. అయితే పోర్టల్ సమాచారమే ఇస్తుంది, విడిభాగం అమ్మి తీరాలని ఎవరినీ నిర్బంధించదు. అందుకు ప్రత్యేక చట్టం రావాలని నా గట్టి అభిప్రాయం.

ప్రశ్న వేసినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. కర్నూలు అన్నగారూ, మా మోడల్‌లో మాడ్యూల్ హెడ్‌లైట్ అడుగున బయటికే కనిపిస్తోంది. కుడివైపుదాన్ని విప్పి ఎడమవైపు పెట్టి పరీక్షించవచ్చా?

జవాబు (కర్నూలు):
రెండు మాడ్యూళ్లపై ముద్రించిన పార్ట్ నంబరు ఒకటే అయితే పరీక్షించవచ్చు. ముందుగా బ్యాటరీ నెగటివ్ వైరు తీసివేయండి.