బ్యాంకాక్ నైట్ మార్కెట్లలో నిజంగా చవగ్గా తినొచ్చా?

గోదారి_గాలి:
పోయిన నెల బ్యాంకాక్ వెళ్ళొచ్చాం. నేను, మా ఆవిడ, అమ్మ, ఎనిమిదేళ్ళ బాబు. వెళ్ళేముందు ఇక్కడే అడిగితే అందరూ ఇండియన్ రెస్టారెంట్లు చూసుకోండి, లేకపోతే పస్తులే అన్నారు. ఒక్క పూట వెళ్ళాం. పప్పు 180 బాట్లు, నాన్ ఒక్కోటి 60. బాట్ అంటే రెండున్నర రూపాయల పైమాటే, లెక్కేసుకోండి. మర్నాటి నుంచి రాత్రిళ్ళు నైట్ మార్కెట్లే. నలుగురికీ కలిపి ఏ రాత్రీ 300 దాటలేదు. ప్యాడ్ థాయ్ (వేయించిన నూడుల్స్) 60, పుల్లకి గుచ్చి బొగ్గుల మీద కాల్చే పంది మాంసం (మూ పింగ్ అంటారు) పుల్ల 10, పక్కన జిగురన్నం చిన్న కవర్లో 10. ఇంకొకటి ఖనోమ్ క్రోక్. బియ్యప్పిండి, కొబ్బరిపాలు కలిపి గుంతల పెనంలో పోస్తారు, అచ్చం మన గుంత పొంగనాలే, కాకపోతే తియ్యగా ఉంటాయి, పైన గట్టిపడినా లోపల ఇంకా పాలు పాలుగానే ఉండి నోట్లో వేసుకోగానే నాలిక కాలుతుంది. మావాడు రెండు ప్లేట్లు లాగించాడు. ఇది చవక కాదు అనేవాళ్ళు వచ్చి చెప్పండి.

నల్గొండ_నవీన్:
నలుగురికి 300ల అయిపోయిందా? పేరుకు తగ్గట్టు గాలి తిన్నరా ఏంది అన్నా

బ్యాంకాక్_బాబాయ్:
తొమ్మిదేళ్ళుగా ఇక్కడే ఉంటున్నా, హువాయ్ ఖ్వాంగ్ దగ్గర. ఏ మార్కెట్టో చెప్పకుండా ధరలు రాస్తే చదివినవాళ్ళు మోసపోతారు. టూరిస్టుల కోసం పెట్టిన పెద్ద మార్కెట్లు వేరు, తలాద్ నట్ వేరు. తలాద్ నట్ అంటే మన వారపు సంత లాంటిది, వారంలో ఫలానా రోజుల్లోనే గుడి ఆవరణలోనో ఖాళీ స్థలంలోనో పెడతారు, ఆఫీసు నుంచి వచ్చేవాళ్ళు కూర కవర్లో కట్టించుకుని పోతారు. అక్కడ 50, 60కి దొరుకుతుంది. వీడియోల్లో చూపించే చోట అదే ప్లేటు 100. 2021లో రచ్చదా రైలు మార్కెట్ మూతపడ్డాక దాన్ని నడిపినవాళ్ళే జాడ్ ఫెయిర్స్ అనే మార్కెట్ పెట్టారు, పంది వెన్నెముకలు కొండలా పేర్చి పులుపు, కారం పులుసు పోసే లెంగ్ సేప్ కోసం జనం అక్కడికే పోతారు. బాగానే ఉంటుంది, కాదనను. కానీ 60 అనే అంకె దానికి తగిలించకండి.

గోదారి_గాలి:
నేను జాడ్ ఫెయిర్స్ అనలేదు బాబాయ్ గారూ. పేరు మీరే తెచ్చారు. బోర్డు మీద 60 అని రాసుంది, 60 ఇచ్చాను. ఫోటో కూడా ఉంది.

బ్యాంకాక్_బాబాయ్:
ఫోటోలో ఉన్నది గుడ్డు, రొయ్య లేని చిన్న ప్లేటు అయుంటుంది. రొయ్యలు వేస్తే 60కి రాదు.

గోదారి_గాలి:
గుడ్డు ఉంది.

మిరపకాయ_బజ్జీ:
మిడతలు తిన్నారా లేదా? అది చెప్పకుండా ఈ 60 గోల ఏంటి

పార్వతి_పెసరట్టు:
గోదారి గారూ, ధర సంగతి తర్వాత. మీ అమ్మగారు ఏం తిన్నారు? శాకాహారి అయితే ఆవిడ చేప తినేసినట్టే, మీకు తెలియకపోయినా. మా అత్తగారికి ఇలాగే జరిగింది. టూర్ తీసుకెళ్ళినవాడు "నో మీట్, నో మీట్" అని చెప్పి ప్యాడ్ థాయ్ ఇప్పించాడు. ఆవిడ బాగుంది, పుల్లపుల్లగా ఉంది అని మొత్తం తిన్నారు. ఇంటికొచ్చాక నేను చదివితే తెలిసింది, అందులో చింతపండు, తాటిబెల్లంతో పాటు చేపల సాస్ ఉంటుందని. చాలా బండ్ల దగ్గర ఆ పులుసు ముందే కలిపి డబ్బాలో పెట్టుకుంటారు, కాబట్టి చివర్లో చేపల సాస్ వెయ్యొద్దు అన్నా లాభం లేదు, అది ఎప్పుడో పడిపోయింది. ఎండురొయ్యల పొడి సంగతి సరేసరి. ఆవిడకి ఇప్పటికీ చెప్పలేదు. చెప్పాలో వద్దో మా ఇంట్లో ఇంకా తేలలేదు.

గోదారి_గాలి:
"జే" అన్నాను, తలూపారు.

పార్వతి_పెసరట్టు:
తలూపడం వేరు తమ్ముడూ. జే అంటే వాళ్ళకి చాలా కచ్చితమైన మాట, మాంసం, చేప, గుడ్డు మాత్రమే కాదు, ఉల్లి, వెల్లుల్లి కూడా ఉండవు. మన ఇళ్ళల్లో ఆబ్దికం రోజు వంటలా అనుకోండి. నిజంగా జే వండే బండికి పసుపు జెండా ఉంటుంది, దాని మీద ఎర్ర అక్షరాలు, మనకి 17 అంకెలా కనిపిస్తాయి. అది లేని బండి దగ్గర జే అంటే, ఏదో కొంచెం తీసేసి ఇస్తారు. బొప్పాయి సలాడ్ అయితే మరీ. రోలు ఒక్కటే. ముందు మనిషికి ఊరబెట్టిన చేపల పులుసు పోసి దంచిన అదే రోట్లో మనకీ దంచుతారు.

బ్యాంకాక్_బాబాయ్:
ఆవిడ చెప్పింది నిజం. అయితే ఆ రోటి దగ్గర నిలబడి చూడటం నాకిష్టం. మట్టి రోలు, చెక్క రోకలి, మెత్తగా నూరరు, పచ్చి బొప్పాయి తురుము కాస్త నలిగేలా దంచుతూ రెండో చేత్తో గరిటెతో తిరగేస్తుంటారు. మొదట అడిగే ప్రశ్న, మిరపకాయలు ఎన్ని అని. మేం తెలుగువాళ్ళం అని గొప్పకి పోయి పది అన్నవాళ్ళని చూశాను. తర్వాత వాళ్ళు మాట్లాడలేదు.

చాదస్తం_చలపతి:
వాళ్ళు పంది మాంసంలో తులసి వేసి వేయిస్తారట. ఇది నిజమా? ఎవరైనా ఖండించండి.

బ్యాంకాక్_బాబాయ్:
ఖండించలేను మాస్టారూ. ప్యాడ్ క్రపావ్‌లో క్రపావ్ అంటే తులసే, మీ కోటలో ఉన్న జాతే.

చాదస్తం_చలపతి:
శివ శివా.

వైజాగ్_వాసు:
విశాఖ నుంచి డైరెక్ట్ ఫ్లైట్ ఇంకా ఉందా?

గోదారి_గాలి:
పార్వతి గారూ, మీరు భయపడకండి. అమ్మ బయటి తిండి దాదాపు ముట్టుకోలేదు. కాల్చిన అరటిపండు, ఉడకబెట్టిన మొక్కజొన్న తింది. ఒకరోజు మామిడిపండు, కొబ్బరిపాల జిగురన్నం తిని, ఇది మన పరవాన్నంలోకి మామిడిపండు నంజుకున్నట్టే ఉందిరా అంది. మిగతాదంతా ఇంటి నుంచి పట్టుకెళ్ళిన పులిహోర, సున్నుండలు, చపాతీలు. రెండు ప్యాడ్ థాయ్ ప్లేట్లు చెప్పి టేబుల్ పట్టుకుని, డబ్బాలు తీసి నలుగురం హాయిగా కూర్చుని తినేవాళ్ళం, రెండు గంటలు ఎవరూ లేవమనలేదు. 300 దాటకపోవడానికి కిటుకు అదే.

నల్గొండ_నవీన్:
అట్ల చెప్పు. పులిహోర చవక, బ్యాంకాక్ కాదు 😀

బ్యాంకాక్_బాబాయ్:
ఇదన్నమాట సంగతి. మూడు రోజుల నుంచి 60, 60 అంటుంటే నేను పిచ్చోడిలా లెక్కలు వేస్తున్నా. ఆ టేబుల్ ఎవరిదండీ? తలాద్ నట్‌లో టేబుళ్ళు చాలాచోట్ల ఆ బండివాళ్ళవే, రాత్రికింత అని స్థలానికి అద్దె కట్టి, ఆ కుర్చీలు వాళ్ళే మోసుకొచ్చి వేస్తారు. 2014 తర్వాత నగరపాలక సంస్థ చాలా ఫుట్‌పాత్‌ల మీద నుంచి బండ్లు ఖాళీ చేయించింది, రోడ్డు మీద అమ్మినవాళ్ళలో కొందరు ఇలా ప్రైవేటు స్థలాల్లో అద్దెకి చేరారు. 60 బాట్ల ప్లేటులో ఆ బండి ఆవిడకి ఏం మిగులుతుంది? నాలుగు కుర్చీలు, రెండు గంటలు, రెండు ప్లేట్లు, మళ్ళీ అది కిటుకు అని అందరికీ నేర్పడం.

గోదారి_గాలి:
ఎవరూ లేవమనలేదు అని రాశాను కదా. మీకెందుకు మంట?

బ్యాంకాక్_బాబాయ్:
ఆవిడ మీతో అనదు, నాతో అంటుంది. నేను వారంలో నాలుగు రాత్రులు తినే బండి ఒకటుంది, ఆవిడని పా అంటాను, అంటే పెద్దమ్మ. పోయిన డిసెంబర్లో పదిమంది తెలుగువాళ్ళు వచ్చారు, మాటలు వినగానే నాకు సంతోషమేసింది, పలకరిద్దాం అనుకునేలోపు మూడు ప్లేట్లు చెప్పి, రెండు టేబుళ్ళు కలిపి, జంతికలు, ఆవకాయ, చద్ది డబ్బాలు అన్నీ పరిచారు. లోకల్ వాళ్ళు ప్లేట్లు పట్టుకుని నిలబడ్డారు. వెళ్ళేటప్పుడు మూడు ప్లేట్లకి పది తగ్గించమని బేరం. తిన్న తర్వాత. వాళ్ళు పోయాక పా టేబుల్ మీద నూనె తుడుస్తూ నన్ను అడిగింది, మీ ఊరివాళ్ళా అని. కాదని అబద్ధం చెప్పాను. వారం తర్వాత బయటి తిండి తేకూడదు అని ఇంగ్లీషులో బోర్డు పెట్టింది. థాయ్‌లో పెట్టలేదు. ఎవరి కోసమో మీరే చెప్పండి.

గోదారి_గాలి:
ఇప్పుడు అర్థమైంది. మీ బాధ పెద్దమ్మ టేబుల్ గురించి కాదు, మేం మీ పరువు తీస్తున్నామని. మీరు అక్కడ జీతం తీసుకుంటారు, నాలుగు రాత్రులు బయట తింటారు. నేను 20 నెలల చీటీ పాడి వెళ్ళాను. మా అమ్మకి 66, ఆవిడ విమానం ఎక్కడం అదే మొదలు, నా మాట ఎలా ఉన్నా ఆవిడ పులిహోర డబ్బా గురించి మీకు సిగ్గేస్తే అది మీ సమస్య. నేను బేరం ఆడలేదు. ఆ పదిమందితో నన్ను కలపకండి.

పార్వతి_పెసరట్టు:
ఇద్దరూ కాస్త ఆగండి. బాబాయ్ గారూ, శాకాహారి ముసలావిడ ఏం తినాలి మరి? అక్కడ తినడానికి ఏమీ ఉండదు అని ఇందాకే కదా మనం తేల్చింది.

బ్యాంకాక్_బాబాయ్:
అమ్మగారి డబ్బా గురించి నేనేమీ అనలేదు. ఒక్క డబ్బాకి ఏ పెద్దమ్మా కాదనదు, ముందు చూపించి అడిగితే. నలుగురూ డబ్బాలోంచి తిని నైట్ మార్కెట్ చవక అని రాయడమే నాకు ఎక్కలేదు. అది చదివి రేపు ఇంకో పదిమంది రెండు ప్లేట్ల లెక్కతో అదే బండి దగ్గరికి వస్తారు. ఆవిడ 60ని 80 చేస్తుంది, మీరు అప్పటికి కాకినాడలో ఉంటారు, నేనూ ఆ పక్క ఆఫీసులో ఊడ్చే అమ్మాయిలూ కడతాం. నా జీతం సంగతి మీకు తెలియదు, వదిలేయండి. పరువు అన్నది... అది కొంత నిజమే. కాదని ఆవిడతో అన్నందుకు ఇప్పటికీ బాగాలేదు నాకు.

గోదారి_గాలి:
మాది కాకినాడ కాదు, రాజోలు. అడగాలని నిజంగా తట్టలేదు, మన జాతరలో అయితే ఎవరూ అడగరు కదా. రెండో రోజు ఆవిడ దగ్గర రెండు కొబ్బరి బొండాలు ఎక్కువ కొన్నాం, అది రాయడం మర్చిపోయాను.

నల్గొండ_నవీన్:
మరి 300 దాటినట్టే కదనే

గోదారి_గాలి:
340. కానీ ప్యాడ్ థాయ్ మాత్రం 60కే తిన్నా, గుడ్డుతో.

బ్యాంకాక్_బాబాయ్:
రొయ్యలు లేకుండా.