లాక్‌డౌన్ పోయి ఇన్నేళ్లయింది, మీ జీవితంలో మళ్లీ మామూలు కానిది ఏంటి?

భీమవరం_టెస్టర్:

అందరికీ నమస్తే. నేను సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో పనిచేస్తాను. 2020 మార్చి 20, శుక్రవారం రాత్రి రెండు రోజుల కోసం ఒక బ్యాగు వేసుకుని హైదరాబాద్ నుంచి భీమవరం దగ్గర మా ఊరొచ్చాను. ఆదివారం జనతా కర్ఫ్యూ, మంగళవారం రాత్రి 21 రోజుల లాక్‌డౌన్ అన్నారు, ఇక అంతే. హాస్టల్లో వదిలేసిన నా పరుపు, బకెట్, సగం బట్టలు ఏమయ్యాయో నాకు ఇప్పటికీ తెలీదు. అప్పటి నుంచి ఇంట్లో మేడ మీద గదే నా ఆఫీసు.

మా అక్క బయటి కంపెనీల పనులు చేసిపెట్టే బీపీఓలో చేస్తుంది. వాళ్లకి ఇంటి నుంచి పని అంటే అంతకుముందు టెలికం శాఖ రూల్స్ చాలా ఉండేవి, లాక్‌డౌన్ కోసం సడలించి, 2020 నవంబరులో ఆ రూల్స్‌ని దాదాపు ఎత్తేశారు. అలా తాత్కాలికం అనుకున్నది ఉండిపోయింది. నాన్నకి సర్జరీ అయినప్పుడు పక్కనే ఉన్నాను, నా జీతంలో అద్దె పోలేదు. ఇదంతా నాకు కలిసొచ్చిందని చెప్పుకోవడానికి మనసొప్పదు, ఎందుకంటే మా వీధిలోనే ఆ ఏడాది దెబ్బతిని ఇంకా లేవని ఇళ్లున్నాయి.

ఇప్పుడు కంపెనీ వారానికి మూడు రోజులు ఆఫీసుకి రమ్మంటోంది. సామాను సర్దుకుంటుంటే అడగాలనిపించింది. ఆంక్షలు పోయాక కూడా మీ సంపాదనలో, ఇంట్లో, ఊళ్లో అలాగే ఉండిపోయింది ఏంటి? వార్తల్లో వచ్చేది కాదు, మీకు జరిగింది చెప్పండి.

హాస్టల్_అక్క:

తమ్ముడూ, పరుపు, బకెట్ అన్నావు చూడు, అక్కడే ఆగిపోయాను. మాదాపూర్ అయ్యప్ప సొసైటీలో బిల్డింగ్ లీజుకి తీసుకుని మేము 64 బెడ్ల హాస్టల్ నడిపేవాళ్లం. ఆ వారం పిల్లలందరూ ఊళ్లకి పోవాలని పోలీస్ స్టేషన్ల ముందు పాసుల కోసం నిలబడ్డారు, పాసు దొరికి వెళ్లినవాళ్లని ఆంధ్ర సరిహద్దులో గరికపాడు చెక్‌పోస్ట్ దగ్గర ఆపేశారు, రాత్రంతా నాకు ఫోన్లే. తర్వాత ఎవరూ తిరిగి రాలేదు. ఒక్కొక్కరి సామాను గోనెసంచిలో కట్టి, మార్కర్‌తో పేరు, రూమ్ నంబర్ రాసి మెట్ల కింద పెట్టాం. రెండేళ్లు అలాగే ఉన్నాయి. ఫోన్ చేస్తే "ఆంటీ, ఎవరికైనా ఇచ్చేయండి" అనేవాళ్లు. అడ్వాన్స్ మాత్రం పంపమన్నారు, వాళ్ల ఉద్యోగాలూ పోయాయి కదా, సగం మందికి పంపగలిగాం, మిగతావాళ్లకి ఇవ్వలేకపోయామన్న బాధ ఇప్పటికీ ఉంది.

మాకు నిజంగా దెబ్బ కొట్టింది మారటోరియం. ఆర్‌బీఐ మార్చి నుంచి మే దాకా, తర్వాత ఆగస్టు 31 దాకా ఈఎంఐ కట్టక్కర్లేదంది. మేము మాఫీ అనుకున్నాం, మా చుట్టుపక్కల హాస్టళ్లవాళ్లలో చాలామంది అలాగే అనుకున్నారు. వడ్డీ అసలుకి చేరి లోన్ గడువు ఏడాదికి పైగా పెరిగింది. వడ్డీ మీద పడ్డ వడ్డీ తర్వాత వెనక్కిచ్చారు గానీ, మామూలు వడ్డీ మనమే కట్టాలి కదా.

ఇంకోటి ఎవరూ మాట్లాడరు. అంతకుముందు ఫీజులు ఎక్కువ నోట్లలోనే వచ్చేవి. కూరగాయలకి, గ్యాస్‌కి, వంటమనిషికి వేరువేరు కవర్లలో పెట్టి, మిగిలింది బ్యాంకులో వేసేదాన్ని. ఇప్పుడు అందరూ ఫోన్లోనే కొడతారు. 5వ తేదీన డబ్బు పడుతుంది, అదే రోజు ఈఎంఐ లాగేసుకుంటుంది, కూరగాయలకి నేను చేబదులు చూసుకోవాలి. మునుపు ముందు పొయ్యి, తర్వాత బ్యాంకు. ఇప్పుడు బ్యాంకే ముందు.

నీ మూడు రోజుల సంగతి కూడా చెప్తాను, ఏమనుకోకు. ఇప్పుడు పిల్లలు సోమవారం వచ్చి గురువారం వెళ్లిపోతూ రోజుల లెక్కన ఇస్తామంటున్నారు. వాళ్ల తప్పు లేదు. కానీ బిల్డింగ్ అద్దె నాకు రోజుల లెక్కన రాదు, వంటమనిషికి సగం నెల జీతం ఇస్తానంటే ఉండదు. 64 బెడ్ల నుంచి 30కి వచ్చాం, రెండో ఫ్లోర్ వదిలేశాం.

కిరాణా_కొట్టు_తెనాలి:

అక్కా, నోట్ల గురించి మీరు చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. 2020 మార్చిలో దేశమంతా కలిపి నెలకి దాదాపు 125 కోట్ల యూపీఐ చెల్లింపులు జరిగితే 2023 ఆగస్టులో 1000 కోట్లు దాటాయి. నోటు ముట్టుకుంటే జబ్బొస్తుందని మొదలైన అలవాటు అందరికీ అలాగే ఉండిపోయింది. చిల్లర లేక చాక్లెట్ ఇచ్చే గొడవ పోయింది, అది మంచిదే. కానీ మా నాన్న 70 ఏళ్ల మనిషి, కళ్లు సరిగ్గా ఆనవు, నోటు తడిమి ఎంతో చెప్పేసేవాడు. ఇప్పుడు స్పీకర్ పలికితేనే డబ్బొచ్చినట్టు. కరెంటు పోయి స్పీకర్ చార్జింగ్ అయిపోతే కొట్లో కూర్చోడు, నన్ను పిలుస్తాడు.

ఆయనకే ఇంకో కష్టం. రైల్లో 60 దాటిన మగవాళ్లకి 40 శాతం, 58 దాటిన ఆడవాళ్లకి 50 శాతం రాయితీ ఉండేది. ప్రయాణాలు తగ్గించాలని 2020 మార్చిలో ఆపారు. రైళ్లు ఎప్పుడో కిక్కిరిసిపోయాయి, రాయితీ మాత్రం ఇప్పటికీ రాలేదు. పాసింజర్ రైళ్లని స్పెషల్ అని పేరు మార్చి 10 రూపాయల టికెట్‌ని 30 చేశారు, అది మళ్లీ 10కి రావడానికి 2024 ఫిబ్రవరి దాకా పట్టింది.

జగిత్యాల_గల్ఫ్:

నేను దుబాయ్‌లో తాపీ పని. 2020 జూలైలో, బయటి దేశాల్లో చిక్కుకున్నోళ్లని తెచ్చే వందే భారత్ మిషన్ విమానంలో వచ్చిన, టికెట్ నాదే. రెండు నెలల జీతం అక్కడే ఉండిపోయింది, కంపెనీ ఇయ్యలేదు. ఊర్లో ఉపాధి హామీ పనికి పోయిన. ఆ ఏడాది కేంద్రం బడ్జెట్‌లో పెట్టిన 61,500 కోట్లకి ఇంకో 40,000 కోట్లు కలిపిందంటే నాలాగ ఎంతమంది గడ్డపార పట్టారో మీరే చూడండి.

అసలు దెబ్బ తర్వాత పడింది. గల్ఫ్ పోయేటోళ్లకి మన ప్రభుత్వం కనీస జీతం ఇంత ఉండాలని పెడుతుంది. ఉద్యోగాలు పోకూడదని 2020 సెప్టెంబరులో దాన్ని 30 నుంచి 50 శాతం తగ్గించింది. మనోళ్లు తెలంగాణ హైకోర్టుకి పోయారు, 2021 జూలైలో పాత లెక్కే పెట్టారు. కానీ నేను ఆ నడుమనే పోయిన. బేసిక్ 1,200 దిర్హాములు ఉన్న మనిషిని 900కి సంతకం పెట్టిన. ఇంక్రిమెంటు ఆ 900 మీదనే, గ్రాట్యుటీ కూడా బేసిక్ మీదనే. కాగితం వెనక్కి తీసుకున్నారు గానీ నా అగ్రిమెంటును ఎవరు వెనక్కి తీసుకుంటరు?

బడి_పంతులు_మెదక్:

నాకు జరిగింది కాదు, నా కళ్ల ముందు రోజూ కనిపించేది చెప్తాను. 2020 జూన్‌లో ఒకటో తరగతిలో పేరు రాయించిన పిల్లలు 2025లో నా దగ్గర ఆరో తరగతికి వచ్చారు. ఆ సెప్టెంబరు 1 నుంచి దూరదర్శన్ యాదగిరి, టీ-సాట్ టీవీ చానెళ్లలో పాఠాలు వేశారు, అవి మూడో తరగతి నుంచే. అంటే ఈ పిల్లలకి అదీ లేదు. వాళ్లు బడిలో మొదటిసారి కూర్చున్నది 2021 సెప్టెంబరులో, అప్పటికే రెండో తరగతి.

మొన్న ఒక అమ్మాయిని "స్వాతంత్ర్యం" చదవమన్నాను. "స్వా" అంది, ఆగింది, వేలు అక్షరం మీద పెట్టి నా ముఖం చూసి, పక్క పిల్ల మెల్లగా అందిస్తే చెప్పేసింది. ఆ అమ్మాయికి తెలివి తక్కువేం కాదు, లెక్కలు నోటితో టకటకా చేస్తుంది. వత్తులు నేర్పాల్సిన నెలల్లో పలక పట్టించినవాళ్లు లేరు. ఆరో తరగతి సైన్స్ పుస్తకంలో ప్రతి వాక్యంలో ఒక వత్తు ఉంటుంది, ఇక ఏం అర్థమవుతుంది చెప్పండి? పైతరగతులవాళ్ల పరీక్షలు, ప్రమోషన్ల గురించి అందరూ మాట్లాడారు, ఈ బ్యాచ్‌ని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

భీమవరం_టెస్టర్:

అక్కా, అప్పట్లో నేను ఉన్న హాస్టల్ మీ పక్క వీధిలోనే. హైదరాబాద్‌లో గది చూసుకుంటే నెల మొత్తానికే తీసుకుంటాను, మీకు మెసేజ్ చేస్తాను.

పంతులుగారూ, మా వీధిలో ఆరో తరగతి పిల్లలు నలుగురున్నారు. శుక్రవారం నుంచి ఆదివారం దాకా ఊళ్లోనే ఉంటాను, సాయంత్రం గంట కూర్చోబెట్టగలను. నాకు పాఠం చెప్పడం రాదు. దేనితో మొదలుపెట్టాలి?

బడి_పంతులు_మెదక్:

ఆరో తరగతి పుస్తకం ముట్టుకోకండి. రెండో తరగతి తెలుగు వాచకం తీసుకోండి, అట్ట వేసి ఇవ్వండి, తరగతి నంబర్ కనపడితే సిగ్గుపడతారు. మొదటి వారం "అమ్మ, అక్క, అన్న" లాంటి వాటిలో వత్తులు మాత్రమే, పలక మీద. పెద్ద గొంతుతో కలిసి చదివించండి, ఒక్కరినే నిలబెట్టి అడగకండి.