పెరట్లో కెమెరా: 1,912 ఫొటోలు, జంతువులున్నవి పదకొండే

గుడ్లగూబ_కన్ను:
రాత్రుళ్లు ఏదో పెరటి పిట్టగోడ దూకి వస్తోంది. తెల్లారి చూస్తే తడి మట్టిలో అడుగుజాడలు. అదేంటో చూద్దామని పది రోజుల కిందట మోషన్ సెన్సర్ కెమెరా కట్టాను. నిన్న కార్డు తీస్తే 1,912 ఫొటోలు! జంతువులున్నవి పదకొండు, అందులో తొమ్మిది ఒకే పిల్లివి. మిగతావన్నీ ఊగుతున్న కొమ్మ. కెమెరా పాడైందంటారా?

పాత_టార్చి:
కెమెరాకి ఏమీ కాలేదండీ. పేరు మోషన్ సెన్సర్ గానీ అది పసిగట్టేది వేడిని. లోపలి పీఐఆర్ సెన్సర్ సాధారణంగా రెండు ముక్కలుగా ఉంటుంది. చుట్టుపక్కల కంటే వెచ్చగా ఉన్నదేదైనా ఒక ముక్క చూపులోంచి రెండో ముక్క చూపులోకి జరిగితే ఫొటో పడుతుంది. ఎండకి కాగిన ఆకులు గాలికి ఊగితే దాని లెక్కలో అవీ జంతువులే. ఆ కొమ్మ ఫొటోల మీద టైమ్ ఎంతుందో చూడండి.

గుడ్లగూబ_కన్ను:
దాదాపు అన్నీ పగలు పదకొండు నుంచి నాలుగు లోపువే. ముందే చూసుకోవాల్సింది.

నిశాచరి:
కొమ్మ కొట్టేయడమో, కెమెరా పక్కకి తిప్పడమో చేయండి. కెమెరా మోకాలి ఎత్తులో ఉంటే చాలు. అసలు కిటుకు కోణంలో ఉంది. జంతువు ఎదురుగా నడిచొస్తే సెన్సర్ ఆలస్యంగా స్పందిస్తుంది. అడ్డంగా వెళ్తే వెంటనే పట్టుకుంటుంది గానీ, షట్టర్ పడేలోపు తోక మాత్రమే మిగులుతుంది. నా దగ్గర తోకల ఆల్బమే ఉంది! అందుకే దారికి ఏటవాలుగా కడతాను. ఇంకోటి, వేసవిలో నేల వేడి జంతువు ఒంటి వేడికి దగ్గరైతే సెన్సర్‌కి తేడా తెలియదు. అప్పుడు ఖాళీ కార్డు చూసి జంతువులే రావట్లేదనుకోకండి.

కొమ్మచాటు:
గోడ పక్కన కాస్త తిండి పెడితే పని తొందరగా అయిపోతుందిగా?

పాత_టార్చి:
వద్దండీ. తిండి పెడితే దానికోసం వచ్చేవే కనిపిస్తాయి, మామూలుగా ఆ దారిన తిరిగేవేవో తెలియవు. నాలుగు రకాలు ఒకేచోట మూతులు పెడితే రోగాలూ అంటుకుంటాయి.

కొమ్మచాటు:
ఒప్పుకున్నాను. మరి మా పిల్లి ప్రతి ఫొటోలో కెమెరా వంకే గుడ్లురిమి చూస్తుంది, ఎందుకు?

నిశాచరి:
మీ కెమెరాది 850 నానోమీటర్ల ఇన్‌ఫ్రారెడ్ (పరారుణ కాంతి) ఫ్లాష్ అయ్యుంటుంది. చీకట్లో మసకగా ఎర్రగా మెరుస్తుంది. 940 అయితే ఆ మెరుపు కనపడదు, కానీ వెలుతురు అంత దూరం పోదు. గుడ్లగూబ గారూ, ఆ తొమ్మిది ఫొటోల్నీ పిల్లి తొమ్మిదిసార్లు వచ్చినట్టు లెక్కేయకండి. అరగంటలోపు వచ్చిన ఒకే రకం జంతువు ఫొటోల్ని ఒక్కసారి కిందే రాసుకోవడం చాలామంది పాటించే లెక్క.

పాత_టార్చి:
ఖాళీవి ఏరడానికి మెగాడిటెక్టర్ అనే సాఫ్ట్‌వేర్ వాడండి, ఉచితమే. జంతువు, మనిషి, వాహనం అని వేరుచేస్తుంది. అది ఏ జంతువో మాత్రం చెప్పదు, ఆ పని మన కళ్లదే. మనుషుల ఫొటోలు చూసిన వెంటనే తుడిచేయండి. ఒకసారి నా కెమెరాలో పక్కింటి గుమ్మం పడింది. వాళ్లకి సర్దిచెప్పేసరికి తలప్రాణం తోకకొచ్చింది. ఇప్పుడు ఎక్కడ కట్టినా ముందు చెప్పే కడతాను.

నిశాచరి:
టైమ్ సరిగ్గా సెట్ చేయడం మర్చిపోకండి. మనుషులున్న చోట క్షీరదాలు (పిల్లలకి పాలిచ్చే జంతువులు) తమ తిరుగుడు రాత్రికి మార్చుకుంటున్నాయని, 62 జాతుల మీద జరిగిన 76 అధ్యయనాల్ని కలిపి చూసి 2018లో 'సైన్స్' పత్రికలో రాశారు. గడియారం తప్పితే మన ఫొటోలతో అలాంటిదేమీ తేల్చలేం.

గుడ్లగూబ_కన్ను:
వారం తర్వాత వచ్చాను. కొమ్మ కొట్టేసి, కెమెరా అడుగుజాడల దగ్గర ఏటవాలుగా కట్టాను. ఈసారి మొత్తం 64 ఫొటోలే. మూడో రాత్రి 2:14కి వరసగా మూడు పడ్డాయి. మొదటిదాంట్లో ముక్కు, రెండోదాంట్లో ఒళ్లంతా, పునుగుపిల్లి! మూడోదాంట్లో అది లేదు. పిట్టగోడ మీద మా పాత పిల్లి కూర్చుని, అది పోయిన వైపే చూస్తోంది.

నిశాచరి:
అటు ఏముంది? రెండో కెమెరా అక్కడ కట్టండి.