ప్రొపెల్: తోలడమా, నెట్టడమా, చోదనమా?

ప్రశ్న: ఇంగ్లిషు 'ప్రొపెల్'కు నిఘంటువులు 'ముందుకు నెట్టు' అంటాయి. పడవకూ రాకెట్‌కూ ఒక మనిషికి పేరు రావడానికీ ఆ ఒక్క మాట సరిపోతుందా? 'ఇంపెల్'కూ దీనికీ తేడా ఏమిటి? అసలు ఎక్కడ పుట్టింది?

జవాబు: లాటిన్ 'ప్రోపెల్లెరె' నుంచి వచ్చిందండీ. 'ప్రో' అంటే ముందుకు, 'పెల్లెరె' అంటే తోలు, నెట్టు, కొట్టు. ఆ 'ప్రో', సంస్కృత 'ప్ర' ఒకే మూలం నుంచి వచ్చిన ఉపసర్గలు. గాయత్రిలోని 'ప్రచోదయాత్'ను పక్కన పెట్టి చూడండి: ప్ర + చుద్ (ప్రేరేపించు). ధాతువులు వేరే, కట్టుబడి మాత్రం అదే. 'చోదనం' (ప్రొపల్షన్), 'చోదకం' (ప్రొపెలెంట్) అని శాస్త్ర పరిభాషలో వాడుతున్నది ఈ చుద్ ధాతువు నుంచే. ఇంతకన్నా చక్కగా అమరిన జోడీ దొరకదు.

15వ శతాబ్దంలో ఇంగ్లిషులోకి వచ్చినప్పుడు దీని అర్థం 'తరిమివేయు'. 'ముందుకు నడుపు' అన్నది 17వ శతాబ్దంలో కుదురుకుంది.

పెల్లెరె భూతకాల రూపం 'పుల్సుస్'. ప్రొపెల్ నామవాచకంలో 'ప్రొపల్షన్' అయ్యేది అందుకే. ఎక్స్‌పెల్–ఎక్స్‌పల్షన్, కంపెల్–కంపల్షన్, రిపెల్–రిపల్షన్ అన్నీ ఇదే దారి. చేతికి తగిలే నాడి, 'పల్స్', కూడా ఇదే: కొట్టుకునేది. పప్పుదినుసుల 'పల్స్' మాత్రం వేరే. అది 'పుల్స్' అనే జావ పేరు నుంచి వచ్చింది. ఈ రెండింటినీ కలిపేయకండి.

మరో జవాబు: అనువాదంలో చూడాల్సింది కర్మ. ప్రొపెల్ సకర్మకం, దేన్ని కదిలిస్తున్నామో దాన్నిబట్టి తెలుగు మాట మారుతుంది. పడవైతే 'తెడ్లు వేసి నడిపారు', లోతు తక్కువైతే 'గడ వేసి నెట్టారు'. గాలి తెరచాపను 'తోస్తుంది'. 'ఆ పాట ఆమెను అగ్రతారను చేసింది' అంటే చాలు. 'అగ్రస్థానంలోకి ప్రొపెల్ చేసింది'కి 'నెట్టింది' అని రాస్తే ఎవరో ఆమెను తోసేసినట్టు ఉంటుంది. బండి దగ్గర 'తోలు' దివ్యంగా ఉంటుంది కానీ, తోలడంలో వెనక మనిషి ఉండాలి. ఇంజను బండిని తోలదు, లాగుతుంది లేదా నడుపుతుంది.

ఇంపెల్‌లో నెట్టేది లోపల ఉంటుంది: కోపం, మనస్సాక్షి, ఆకలి. దానికి 'పురికొల్పు', 'ప్రేరేపించు'. ఇంపెల్ తర్వాత తరచు చేయాల్సిన పని వస్తుంది, ప్రొపెల్ తర్వాత చేరాల్సిన చోటు వస్తుంది. కంపెల్ అయితే ఇష్టం లేకపోయినా చేయించడం. డిస్పెల్‌కు మన 'పారదోలు' అచ్చంగా సరిపోయింది, అందులో 'తోలు' కూడా ఉంది.

పై జవాబుకు చేర్పు: పత్రికల్లో 'ప్రొపెలెంట్'ను ఇంధనం అని రాసేయడం నిజంగా బాధ కలిగిస్తుంది. ప్రొపెలెంట్ అంటే ఇంధనం, దాన్ని మండించే ఆక్సీకరణి రెండూ. రాకెట్ గాలి లేని చోట కూడా మండాలి కాబట్టి ఆక్సీకరణిని వెంట మోసుకెళ్తుంది. ఇస్రో రాకెట్ పీఎస్ఎల్‌వీలో 1, 3 దశలు ఘన చోదకంతో, 2, 4 దశలు ద్రవ చోదకంతో పనిచేస్తాయి. ఘన దశలో అమోనియం పర్‌క్లోరేట్ ఆక్సీకరణి. దాన్ని రబ్బరులాంటి పాలిమర్‌తో కలిపి అచ్చుపోస్తారు. ఆ పాలిమరే ముద్దను పట్టి ఉంచుతుంది, తానే ఇంధనంగానూ మండుతుంది. మొత్తాన్ని 'ఘన ఇంధనం' అంటే అందులో బరువెక్కువ ఉన్న ఆక్సీకరణి కనబడకుండా పోతుంది. 'ఘన చోదకం' అని రాయండి, ఒక్క అక్షరమైనా పెరగదు.

వర్ణక్రమం సంగతి: ఇంగ్లిషులో క్రియ చివర ఒకే ఎల్, ఈడీ, ఐఎన్‌జీ, ఈఆర్ చేరినప్పుడు రెండు. ఒత్తు రెండో అక్షరం మీద పడుతుంది, మొదటిది తేలిపోయి 'ప్రపెల్'లా వినిపిస్తుంది. తెలుగులో 'ప్రొపెల్' రాత స్థిరపడింది కనుక దాన్ని మార్చక్కర్లేదు.