కాలేజీకి వెళ్లబోయే పిల్లలకి సాయం ఎప్పుడు తగ్గించాలి?

అందరికీ నమస్కారం. బెంగళూరు మారతహళ్లి దగ్గర ఒక హైస్కూల్లో టీచర్ని. మా తొమ్మిది, పది తరగతుల్లో చాలామంది రాయలసీమ నుంచి కట్టడం పనులకు వచ్చినవాళ్ల బిడ్డలు. ఆ ఇళ్లలో కాలేజీ గడప తొక్కబోయే మొదటివాళ్లు వీళ్లే. వీళ్ల కోసం సాయంత్రం గంటసేపు క్లాసు పెట్టాం.

1980లో అమెరికాలోని శాన్ డియాగోలో మొదలైన, పిల్లల్ని కాలేజీ చదువుకి సిద్ధం చేసే అవిడ్ (AVID) పద్ధతి గురించి చదివాను. అందులో ట్యూటర్ నేరుగా జవాబు చెప్పేయడు, ప్రశ్నలడిగి పిల్లల చేతే రాబడతాడు. రష్యన్ మనస్తత్వవేత్త వైగోత్స్కీ చెప్పిందీ దాదాపు ఇదే: పిల్లవాడు ఇవాళ ఒకరి సాయంతో చేసినది రేపు తనంతట తానే చేయగలడు. మాకు చిక్కు అక్కడే వస్తోంది. సాయం తగ్గించగానే పిల్లలు ఆగిపోతున్నారు. బాగా చదివే అమ్మాయిలకి కూడా పీయూసీ (ఇక్కడి ఇంటర్) పేరెత్తితే టెన్షన్. నాకు చాలా బాధగా ఉంది.

మనస్తత్వవేత్త బండూరా 1977లో రాసినట్టు ‘నేను చేయగలను’ అన్న నమ్మకం ముందు పెంచాలా? దానికి స్వయంగా సాధించిన అనుభవమే అన్నిటికన్నా బలమని ఆయన అన్నారు. మరి సాయం లేకుండా ఆ మొదటి గెలుపు ఎలా ఇప్పించాలి? ఇలాంటి క్లాసులు నడిపినవాళ్లు, సాయం ఏ వారం ఎంత తగ్గించారో దయచేసి వివరంగా చెప్పండి.