నీళ్ళలో 40 హెర్ట్జ్, గ్లిజరిన్‌లో 11 దగ్గరే ఆగుతోంది: మైక్రోరోబోకి కరెంటు పెంచాలా?

ప్రశ్న (మరచుట్టు)
మందు మోయడానికి స్క్రూ ఆకారపు మైక్రోరోబోలు, పొడవు 20 మైక్రాన్లు. మూడు జతల హెల్మ్‌హోల్ట్జ్ కాయిళ్ళు (ఎదురెదురుగా పెట్టే తీగచుట్టలు), మధ్యలో 5 మిల్లీటెస్లా తిరిగే అయస్కాంత క్షేత్రం. నీళ్ళలో 40 హెర్ట్జ్ (సెకనుకు 40 చుట్లు) దాకా చక్కగా ఈదుతున్నాయి. రక్తానికి బదులు 40 గ్రాముల గ్లిజరిన్, 60 గ్రాముల నీళ్ళు కలిపి పోస్తే 11 దాటగానే ఉన్నచోటే వణుకుతున్నాయి. అయస్కాంత పూత ఊడిందా, కరెంటు చాలడం లేదా? కణితికి ఒక మిల్లీగ్రాము మందు చేర్చాలంటే ఎన్ని కావాలి?

కాయిల్‌గది
పూతకేం కాలేదండీ, మీ అంకెలే చెబుతున్నాయి. ఇది స్టెప్-అవుట్. 20 డిగ్రీల దగ్గర ఆ మిశ్రమం జిగట నీళ్ళకు దాదాపు 3.7 రెట్లు, 40ని దాంతో భాగిస్తే 10.8. ఆ హద్దు దాటాక క్షేత్రం తిరిగినంత వేగంగా స్క్రూ తిరగలేదు, జారిపోతుంది.

పూత శాశ్వత అయస్కాంతమైతే, కరెంటు రెట్టింపు చేస్తే హద్దూ రెట్టింపవుతుంది. కాయిల్ వేడి మాత్రం నాలుగింతలు. వేడెక్కిన రాగికి నిరోధం పెరుగుతుంది కనుక స్థిర వోల్టేజి మీద నడిపితే కరెంటు మెల్లగా పడిపోతుంది, హద్దు మళ్ళీ కిందికి జారుతుంది. స్థిర కరెంటు మీదే నడపండి.

ఫేజ్90
దానికి ముందు హాల్ ప్రోబ్‌తో (అయస్కాంత క్షేత్రం కొలిచే పరికరం) మూడు దిక్కుల్లోనూ క్షేత్రం కొలవండి. ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ ఇండక్టెన్స్ (కరెంటు మార్పును అడ్డుకునే గుణం) ఎక్కువున్న పెద్ద జతలో కరెంటు తగ్గి, ఫేజ్ కూడా, అంటే మిగతా జతలతో తాళం, వెనకబడుతుంది. గుండ్రంగా తిరగాల్సిన క్షేత్రం కోడిగుడ్డులా సాగితే స్క్రూ తూలుతుంది. చాలామంది దాన్నే స్టెప్-అవుట్ అనుకుంటారు.

సూక్ష్మగుళిక
లెక్క ఇదిగో. 10 మైక్రాన్ల వ్యాసమున్న గుండ్రటి గుళిక ఘనపరిమాణం 0.52 పికోలీటర్లు. సాంద్రత నీటిదే అనుకుని, బరువులో పదోవంతు మందు నింపితే సుమారు 50 పికోగ్రాములు. మిల్లీగ్రాముకు 2 కోట్ల గుళికలు! మీ స్క్రూలు ఇంకా సన్నం, ఇంకా ఎక్కువే కావాలి.

అసలు చిక్కు అక్కడే. అన్ని కలిస్తే అయస్కాంతాలు ఒకదాన్నొకటి లాక్కుని గడ్డ కడతాయి. కేశనాళిక వెడల్పు 5 నుంచి 10 మైక్రాన్లే, గడ్డ అడ్డుపడితే రక్తం ఆగుతుంది. పెగ్ (పాలిఇథిలీన్ గ్లైకాల్ అనే పాలిమర్) పూత వేస్తే అతుక్కోవడం తగ్గుతుంది, పూర్తిగా పోదు.

పెద్ద ధమనిలో రక్తం సెకనుకు పదుల సెంటీమీటర్లు పరుగెడుతుంది, దానికి ఎదురీదడం వీటి వల్ల కాదు. కాథెటర్‌తో (నాళంలోకి దూర్చే సన్న గొట్టం) కణితి దగ్గరి నాళం దాకా తీసుకెళ్ళి వదలాలి, గోడ పక్కన ప్రవాహం నెమ్మది కాబట్టి అక్కడ నడపాలి. గ్లిజరిన్‌లో ఎర్రకణాలు లేవు. తర్వాతి పరీక్ష గడ్డకట్టకుండా హెపారిన్ కలిపిన రక్తంలోనే చేయండి.